మన ఆవకాయ

పినపాక వెళ్ళేటప్పుడు మా అమ్మ నాకో సీసాడు ఆవకాయ ఇచ్చింది. పెద్ద గాజు సీసా. మూతి మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద మూత, మూత మీద పాత చీర ముక్క, చుట్టూ పురికొస. రోజుకో ముక్క వేసుకుంటే క్రిస్మస్ దాకా వస్తుందని అమ్మ లెక్క. ఐదు రోజుల్లో అయిపోయింది.

అది 2009 జూన్. నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఇంటర్ పాసయ్యాను. మాది గుంటూరు జిల్లాలో ఫిరంగిపురానికి దగ్గర్లో ఒక పల్లె. ఆ చుట్టుపక్కల క్యాథలిక్ ఇళ్ళల్లో పుట్టిన ఆడపిల్లకి సిస్టర్లంటే వింత కాదు. బళ్ళో వాళ్ళే, ఆసుపత్రిలో వాళ్ళే. ఫిరంగిపురం సిస్టర్లు తమ మూలపుటమ్మగా చెప్పుకునే జ్ఞానమ్మ గారు పందొమ్మిదో శతాబ్దపు మనిషి. భర్త పోయిన ఇల్లాలు. ఇప్పటి తమిళనాడులో ఉన్న కీళచ్చేరిలో 1863లో ఆడపిల్లలకి బడి పెట్టింది. పెళ్ళి, పొలం, పిల్లలు కాకుండా ఆడదానికి ఇంకో బతుకు కూడా ఉంటుందని మాకు తెలిసింది ఇలాంటి వాళ్ళ వల్లే. నాకు ఆ బతుకు కావాలనిపించింది. ఎందుకనిపించిందన్నది తర్వాత చెప్తాను, నాకే సరిగ్గా తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

నేను చేరిన సభ పేరు రాయను. వాళ్ళు నాకు చేసిన అపకారం ఏమీ లేదు. ఆ ఇంట్లో మేం ఉన్నది ఆరుగురమే, పేరు రాస్తే ఎవరెవరో తేలిగ్గా తెలిసిపోతుంది, అందుకని.

విజయవాడ నుంచి కొత్తగూడెం, అక్కడ బస్సెక్కితే పాల్వంచ, అశ్వాపురం దాటి మణుగూరు. మణుగూరు దాకా బొగ్గు లారీలు. అక్కణ్ణించి ఏడూళ్ళ బయ్యారం వైపు మళ్ళాక ఒక్కసారిగా చెట్లు. నాన్న బస్సు కిటికీలోంచి చూసి, "ఇంత నీడ ఉంది, ఒక్క మిరపతోటా లేదే," అన్నాడు. మా నాన్నకి నేల కనిపిస్తే మిరప గుర్తొస్తుంది. అప్పటికి అదంతా ఖమ్మం జిల్లానే, భద్రాద్రి కొత్తగూడెం అని పేరు మారింది 2016లో. నన్ను దింపి, టీ తాగి, గంటలో తిరుగు బస్సెక్కాడు నాన్న. ఆయన ఏడవలేదు. గేటు దాటాక భుజం మీద కండువా తీసి దులిపి, మళ్ళీ వేసుకున్నాడు, అంతే.

ఇల్లంటే ఒక చిన్న గుడి, ఆరు గదులు, వెనక రేకుల షెడ్డులో ఆడపిల్లల హాస్టలు, ముందు వైపు వరండా ఉన్న ఒక గది. ఆ గది దవాఖానా. మదర్‌కి అరవై దాటాయి. వరంగల్ వైపు మనిషి. ఆవిడ ఆ అడవి పల్లెల్లోకి వచ్చినప్పటికి ఖమ్మం మేత్రాసనమే లేదు, 1988లో వరంగల్ నుంచి దాన్ని విడదీశారు. నర్సు సిస్టర్ది కేరళ. హాస్టలు చూసే సిస్టర్ బిహార్‌లోని బెతియా నుంచి వచ్చింది. అక్కడ పద్దెనిమిదో శతాబ్దం నుంచీ క్యాథలిక్కులున్నారని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. వంట చూసే సిస్టర్ది ప్రకాశం జిల్లా. నాతోపాటు కొత్తగా చేరిన నల్గొండ అమ్మాయి ఒకత్తి. ఆ అమ్మాయిని, నన్ను కలిపి ఆస్పిరెంట్లు అనేవారు.

మొదటి రాత్రి భోజనానికి నా సీసా పట్టుకుని వెళ్ళి, నా కంచం పక్కన పెట్టుకున్నాను.

"ఏంది బిడ్డా అది?" అన్నారు మదర్.

"ఆవకాయ మదర్. మా అమ్మ పెట్టింది."

"నడుమ పెట్టు. అందరికి అందాలె."

బల్ల మధ్యలో పెట్టాను. బెతియా సిస్టర్ చపాతీలో పెట్టుకుని తింది. నర్సు సిస్టర్ కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ తింది. ఆదివారం హాస్టల్ పిల్లలకి తలా కాస్త వేశారు. నలభై మంది పిల్లలు. ఐదో రోజుకి సీసా కడిగి వంటింటి గట్టు మీద బోర్లించి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆవకాయకి ఏడవడం సిగ్గనిపించి, అమ్మ మీద బెంగ అనుకున్నాను. నిజానికి ఆవకాయకే.

రోజు పావుతక్కువ ఐదుకి గంటతో మొదలయ్యేది. ఐదుంపావుకి గుళ్ళో ఉండాలి. కీర్తనలు, అరగంట మౌన ధ్యానం, ఫాదర్ వచ్చిన రోజున పూజ. టిఫిను. తర్వాత పనులు. మధ్యాహ్నం ఆత్మశోధన. సాయంత్రం పిల్లలతో కలిసి జపమాల. రాత్రి భోజనంలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు తినాలి. తర్వాత ఒక గంట కబుర్లు, క్యారమ్స్. రాత్రి ప్రార్థన అయ్యాక మర్నాడు టిఫిను దాకా ఎవరూ మాట్లాడకూడదు. మౌనం కష్టంగా ఉంటుందనుకున్నాను. కానీ మా ఇంట్లో ఐదుగురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం, టీవీ పదకొండు దాకా మోగేది. ఆ మౌనం నాకు చల్లటి నీళ్ళలా ఉండేది. రేకుల మీద వాన, దూరంగా కుక్కలు, అంతే.

కష్టమైంది ఇంకోటి. 'నా' అనకూడదు.

నియమం అని ఎక్కడా రాసి లేదు, ఆ ఇంటి అలవాటు. నా దువ్వెన కాదు, మన దువ్వెన. నా చెప్పులు కాదు, మన చెప్పులు. నోరు జారితే ఒక మంగళవార్త జపం చెప్పుకోవాలి. మొదటి వారం నేనూ నల్గొండ అమ్మాయీ చెప్పుకున్న మంగళవార్తలకి లెక్కలేదు. ఒకసారి ఆ అమ్మాయి "మన పన్ను నొస్తుంది సిస్టర్" అంటే నర్సు సిస్టర్ నవ్వలేక నోటికి కొంగడ్డం పెట్టుకుంది. దుప్పట్లు, తువ్వాళ్ళ మీద చాకలి గుర్తుల్లాగా నల్లదారంతో అంకెలు కుట్టి ఉండేవి. నాది పదకొండు. అంకెలు ఎందుకంటే ఉతికాక కలిసిపోకుండా. అన్నీ మనవే అయితే కలిసిపోతే ఏం అని అడగాలనిపించింది, అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, జాన్ కాసియన్ అనే ఆయన గురించి చదివాను. ఐదో శతాబ్దం మొదట్లో, ఈజిప్టు ఎడారి మఠాల్లో తాను చూసిన పద్ధతుల్ని లాటిన్‌లో రాసిపెట్టాడు. అక్కడ పుస్తకాన్ని గానీ, కలాన్ని గానీ, ఒంటి మీది బట్టని గానీ తనదని అనడం పెద్ద తప్పట. నోరు జారినవాడు ప్రాయశ్చిత్తం చేసుకోవాలట. నేను కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగాను. మా మంగళవార్త! పదహారు వందల ఏళ్ళ కిందటి ఎడారి అలవాటు పినపాక టేకుచెట్ల మధ్యకి వచ్చి, నా దువ్వెన దగ్గర ఆగింది. నేనది చదివిన ఫ్లాట్‌లో ముగ్గురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల మీద మార్కర్ పెన్నుతో ఎవరి పేరు వాళ్ళం రాసుకునేవాళ్ళం.

అయితే కాసియన్‌కి లేని చిక్కు ఒకటి మాకుంది. లాటిన్‌లో 'మనం', 'మేము' రెండూ ఒకటే మాట. తెలుగులో కాదు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. తెలుగు పుట్టుకతో వచ్చినవాళ్ళకి ఇది ఆలోచించే సంగతే కాదు. బెతియా సిస్టర్‌కి మాత్రం రోజూ గండమే. హిందీలో అన్నిటికీ హమ్ ఒక్కటే కదా. దవాఖానాకి వచ్చినవాళ్ళతో, "మనం రేపు ఖమ్మం పోతున్నాం, దవాఖానా ఉండదు," అని చెప్పేది. ఒక ముసలాయన సంచి సర్దుకుని మర్నాడు పొద్దున్నే గేటు ముందు కూర్చున్నాడు, ఖమ్మం వెళ్దామని. మలయాళంలో మనకిలాగే రెండు మాటలున్నాయి కాబట్టి నర్సు సిస్టర్ ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు వెనకాల ఏముందో నాకు డిసెంబరు దాకా తెలియలేదు.

జులైలో మదర్ పిలిచి ఒక తెల్లకాగితం ఇచ్చారు. "ఎందుకొచ్చినవో రాయి," అన్నారు.

దేవుని సేవ చెయ్యడానికి వచ్చానని రాశాను. ఆవిడ చదివి వెనక్కిచ్చారు. "ఇది అందరు రాస్తరు."

రెండోసారి మా బడి సిస్టర్ గురించి రాశాను. ఆవిడ తెల్లచీర, ఆవిడ చేతిరాత, టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆవిడ నన్ను చూడ్డానికి మా ఇంటికి రావడం. "ఇది ఆమె కథ. నీదేది?" అన్నారు. 'నీది' అనొచ్చా అని అడగబోయి ఊరుకున్నాను.

మూడోసారి రాయడానికి నెల పట్టింది. అక్క పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదని రాశాను. నాకూ సంబంధాలు చూస్తున్నారని, పెళ్ళంటే భయమని, అది భయమో దేవుడి పిలుపో నాకు తేడా తెలియడం లేదని రాశాను. నాకంటూ ఒక మంచం, ఒక తలుపు, ఒక గంట నిశ్శబ్దం ఉండే చోటు కావాలనుకున్నానని రాశాను. రాసి, ఇంటికి పంపేస్తారని పెట్టె సర్దుకున్నంత పని చేశాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నారు. "ఇది పనికొస్తది," అన్నారు. ఇంకేమీ అనలేదు. భయంతో వచ్చినదాన్ని కూడా దేవుడు వద్దనడని ఆవిడ అర్థమనుకుంటాను. చెప్పలేదు కాబట్టి నాకు తెలియదు.

నాకు దవాఖానాలో పని వేశారు. చీటీలు రాయడం, దూది కోయడం, మంచినీళ్ళ బిందె నింపడం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కోయవాళ్ళు. పాత పల్లెల వాళ్ళకి తెలుగు బాగా వచ్చు. అడవి లోపలి నుంచి వచ్చే గుత్తికోయలకి రాదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, ఒకవైపు వాళ్ళు, ఇంకోవైపు మావోయిస్టులు, మధ్యలో ఊళ్ళు తగలబడుతుంటే సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు. అడవిలో కొంత పోడు కొట్టుకుని, ఆకుల పాకలు వేసుకుని ఉండేవాళ్ళు. అక్కడ వాళ్ళు షెడ్యూల్డు తెగ. గోదావరి ఇవతలకి వచ్చేసరికి ఆ గుర్తింపు లేదు. ఎవరొచ్చినా వాళ్ళని అడిగే మొదటి ప్రశ్న, ఎప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు. చీటీ మీద ఊరు రాయాలి కాబట్టి నేనూ అదే అడిగేదాన్ని.

మొదటి నెలలో ఒకామె నా ముందు నిలబడి "ఏర్, ఏర్" అంది. ఏరు ఎటుందో అడుగుతోందనుకుని గోదావరి వైపు చెయ్యి చూపించాను. ఆమె అటు చూసి, నా వైపు చూసి, మెల్లగా బిందె వైపు వేలు చూపించింది. కోయలో ఏర్ అంటే నీళ్ళు. దాహంతో ఉన్న మనిషికి నేను గోదావరి చూపించాను. ఆ ఒక్క మాటా ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక డిసెంబరు. నవంబరు 29న కేసీఆర్ నిరాహార దీక్షకి బయలుదేరితే పోలీసులు పట్టుకుని తెచ్చింది ఖమ్మం జైలుకే. ఇక బంద్‌ల మీద బంద్‌లు. బస్సుల్లేవు. మా వాచ్‌మన్ తాత, "నువ్వు ఆంధ్రోళ్ళ పిల్లవు గదా, నిన్ను బార్డర్ దాటిస్తం ఇగ," అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ రాత్రి కబుర్ల గంటలో నల్గొండ అమ్మాయి వార్తలు చెబుతూ "మా తెలంగాణ" అని, నాలిక్కరుచుకుని నా వైపు చూసింది. 'మా' అన్నందుకు మంగళవార్త ఉందా లేదా అని ఎవరికీ తెలియలేదు. మదర్ క్యారమ్ బోర్డు తెమ్మన్నారు.

అలాంటి ఒక బంద్ రోజు సాయంత్రం ఒక గుత్తికోయ ఆమె, ఆమె మరిదో తమ్ముడో ఒక కుర్రాడు, ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చారు. మూడేళ్ళుంటాయేమో. ఒళ్ళు కాలిపోతోంది. నర్సు సిస్టర్ వేలు గుచ్చి పరీక్ష చేసింది. పెద్ద మలేరియా. మందు వేసింది. వాంతి అయితే మళ్ళీ వేసింది. మణుగూరు పంపుదామంటే బండి లేదు. రాత్రికి వరండాలోనే ఉండమన్నారు. అన్నం పెట్టాం. చాప ఇచ్చాం. తొమ్మిదింపావుకి రాత్రి ప్రార్థన, తర్వాత మౌనం.

అడవి పక్కన డిసెంబరు చలి గుంటూరు వాళ్ళకి అర్థం కాదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాను గానీ వరండాలోంచి పిల్లవాడి మూలుగు వినిపిస్తూనే ఉంది. లేచి చూస్తే ఆమె తన చీర కొంగంతా పిల్లవాడికి చుట్టి, తను మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నా దుప్పటి తెచ్చి ఇచ్చాను. ఆమె తీసుకుంది. ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. మౌనం పాటించాల్సిన టైము కూడా అది. పొద్దున గంట కొట్టేసరికి వరండా ఖాళీ. చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. మిగతా మోతాదు మందులు తీసుకెళ్ళారు, దుప్పటి కూడా.

టిఫిను అయ్యాక మదర్ అడిగారు. "పదకొండో నంబరు దుప్పటి ఏది?"

"రాత్రి ఆమెకిచ్చాను మదర్."

"ఎవర్నడిగి ఇచ్చినవ్?"

నాకు లోపల ధైర్యంగానే ఉంది. నేను చేసింది మంచి పని. పైగా జవాబు వాళ్ళు నేర్పిందే. "మన దుప్పటే కదా మదర్," అన్నాను.

ఆవిడ కాసేపు నా వైపు చూశారు. కోపంగా కాదు. "మనదంటే నీది గాదని గూడ అర్థం బిడ్డా," అన్నారు.

తర్వాత విడమర్చి చెప్పారు. నలభై మంది పిల్లలకి దుప్పట్లు లెక్క ప్రకారం ఉన్నాయి. ఈ ఒక్క చలికాలంలో వరండాలో ఎంతమంది పడుకుంటారో తెలియదు. నీకు జాలి కలిగిన రాత్రి ఒకరికి దొరుకుతుంది, నువ్వు నిద్రపోయిన రాత్రి ఇంకొకరికి దొరకదు. అడిగి ఉంటే స్టోర్‌లోంచి పాతవి తీసిచ్చేదాన్ని. ఇవ్వొద్దని కాదు, నీ ఒక్కదానివే ఇవ్వకు. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క మాటా తప్పు లేదు. నాకు మాత్రం చెవుల్లో నెత్తురు కొట్టుకుంటోంది. ఇంట్లో ఉన్నప్పుడు నాకు ఒక్క దుప్పటే ఉండేది, అది ఎవరికైనా ఇచ్చే హక్కు నాకుండేది. ఇక్కడ నలభై ఆరు దుప్పట్లు మనవి, ఒక్కటీ ఇవ్వలేను. పేదరికం అంటే ఇదన్నమాట అనుకున్నాను.

నిజంగా అదే. శ్రీసభ చట్టం పేదరికపు వ్రతాన్ని వివరించేటప్పుడు లేమి గురించే కాదు, వస్తువుల వాడకంలో ఆధారపడి ఉండటం గురించి కూడా చెబుతుంది. అంటే, లేకపోవడం మాత్రమే కాదు, అడగాల్సి రావడం. ఆ ఇంట్లో మాకు మూడు పూటలా తిండి ఉంది, జబ్బు చేస్తే నర్సు ఉంది, ముసలితనంలో చూసేవాళ్ళున్నారు. వరండాలో కూర్చున్న ఆమె ఏ వ్రతమూ పట్టలేదు, ఆమెకి ఇవేవీ లేవు. కానీ చీర కొంగు పిల్లవాడికి చుట్టడానికి ఆమె ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ రెండు పేదరికాల మధ్య నిలబడి నాకు ఏది ఎక్కువో తేల్చుకోవడం చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు.

ఆ రాత్రి పడుకోబోతే నా మంచం మీద ఒక దుప్పటి మడతపెట్టి ఉంది. అంచు మీద నల్లదారంతో కుట్టిన మూడు. మూడో నంబరు మదర్ది.

ఇక్కడ నా కళ్ళు చెమ్మగిల్లాయని రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే కోపమొచ్చింది. పొద్దుణ్ణించీ నేను ఒప్పు, ఆవిడ తప్పు అని లోపల వాదించుకుంటూ ఉన్నాను. ఆ వాదన కూడా నాకు మిగల్చకుండా లాగేసుకున్నట్టు అనిపించింది. ఆవిడ ఏం కప్పుకున్నారో నేను అడగలేదు. మర్నాడు ఆవిడా ఆ ఊసెత్తలేదు. ఆ చలికాలమంతా మూడో నంబరు కప్పుకునే పడుకున్నాను.

2010 జనవరి ఆఖర్లో మేడారం జాతర వచ్చింది. రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మల జాతరకి ఆ చుట్టుపక్కల ఆగే ఇల్లుండదు. హాస్టల్ పిల్లల్ని తీసుకెళ్ళడానికి వాళ్ళ అమ్మానాన్నలు వరసగా వస్తున్నారు. గుళ్ళో జపమాల చెప్పే పిల్లలే, బంగారం అని పిలిచే బెల్లం ఎంత కొనాలో లెక్కలు వేసుకుంటున్నారు. ఐదో తరగతి పిల్ల ఒకతి నా చెయ్యి పట్టుకుని ఊగుతూ, "సిస్టరమ్మా, మనం మేడారం పోదామా?" అంది.

"మేము రాకూడదురా," అన్నాను.

ఆలోచించకుండానే వచ్చేసింది. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు, చెయ్యి వదిలేసి వాళ్ళ నాన్న దగ్గరికి పరుగెత్తింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆరు నెలలు మంగళవార్తలు చెప్పుకుని 'నా' మానేశాను. దాని బదులు నేర్చుకున్నది 'మన' అనుకున్నాను. కాదు. నాకు తెలియకుండానే నేర్చుకున్నది 'మేము'. ఆ పిల్ల 'మనం'లో నేనున్నాను. నా 'మేము'లో ఆ పిల్ల లేదు.

ఆ ఒక్క మాట కోసం వచ్చేశానని చెప్పను. అంత శుభ్రంగా ఏదీ జరగదు. ఆగస్టులో నొవీషియేట్‌కి ముందరి మెట్టుకి ఎవరెవర్ని పంపాలో తేల్చే సమయం వచ్చింది. నొవీషియేట్ కనీసం ఏడాది, తర్వాత తాత్కాలిక వ్రతాలు కనీసం మూడేళ్ళకి, ఆ తర్వాత జీవితాంతానికి. మదర్ మళ్ళీ ఒక తెల్లకాగితం ఇచ్చారు. ఈసారి, "ఎందుకు ఉండాలనుకుంటున్నవో రాయి." మూడు రోజులు పెట్టుకున్నాను. ఉండటానికి కారణాలు చాలా ఉన్నాయి, నిశ్శబ్దం, నర్సు సిస్టర్ నవ్వు, పిల్లలు. కానీ అవన్నీ నాకు కావలసినవి. అడిగి ఇవ్వడం నేర్చుకోగలనా అన్నదే అసలు ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు. ఖాళీ కాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని కూడా మడిచి సొరుగులో పెట్టుకున్నారు. నల్గొండ అమ్మాయి ఉండిపోయింది. ఇప్పుడు ఎక్కడో టీచరు. పండగలకి మెసేజ్ పెడుతుంది, "మన పినపాక" అని రాస్తుంది.

ఊళ్ళో అందరూ అడిగారు. "ఎందుకొచ్చావే?" నెలల తరబడి అదే ప్రశ్న. వెళ్ళినప్పుడు అడిగిందీ అదే, వచ్చేసినప్పుడూ అదే. వరండాలో చీటీల మీద నేను రాసిందీ అదే. మఠం నుంచి వచ్చేసిన పిల్ల అంటే మా వైపు ఒక మచ్చ. అక్కడేదో జరిగే ఉంటుందని కొందరు, నేనేదో చేసే ఉంటానని కొందరు. ఏమీ జరగలేదంటే ఎవరూ నమ్మలేదు. మొదట్లో చాలా చెప్పబోయేదాన్ని. తర్వాత, "చలి ఎక్కువ," అని ఊరుకునేదాన్ని.

బయలుదేరే రోజు దుప్పటి, తువ్వాళ్ళు, కంచం, గ్లాసు అన్నీ అప్పజెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. దుప్పటి దగ్గర బెతియా సిస్టర్ పదకొండు అని రాయబోయి, అంచు చూసి, మూడు అని కొట్టేసి రాసింది. గేటు దాకా మదర్ వచ్చారు. ఆవిడ చేతిలో ఖాళీ సీసా. మూత బిగించి, పురికొస చుట్టి.

"ఇది మీ అమ్మది. పట్కపో," అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ సీసా చూసి, ఏమీ అడక్కుండా, మర్నాడు ఎండలో పెట్టింది. మామిడికాయల కాలం అయిపోయింది కాబట్టి గోంగూర పట్టింది. సీసా నిండా, నూనె పైకి తేలేలాగా. మూతి మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద మూత, మూత మీద గుడ్డ. "అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు, సిస్టర్లకి పంపిద్దాం," అంది. రెండు నెలలు అటకమీద ఉంది. అటు వెళ్ళేవాళ్ళెవరూ దొరకలేదు. క్రిస్మస్‌కి ముందు మూత తీశాం. మేమే తినేశాం.